శిక్ష పడని పిల్ల

యేసుమణికి ఒళ్లు మండే ప్రశ్న ఒకటుంది. ఆమె పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్న పెద్దవాళ్లలో నూటికి తొంభై మంది అదే అడుగుతారు. అట్ట చూస్తారు, వెనక్కి తిప్పి వెల చూస్తారు, ఆపైన తలెత్తి, "ఇందులో నీతి ఏంటండీ?" అంటారు. పిల్లలెవరూ ఇంతవరకూ ఆమెను ఆ మాట అడిగిన పాపాన పోలేదు. కానీ పుస్తకాలు కొనేది పిల్లలు కాదు కదా.

మొన్నటి పుస్తక ప్రదర్శనలోనూ అదే జరిగింది. ఏడో తరగతి చదివే వయసు కుర్రాడొకడు స్టాలు ముందు నిలబడి ఆమె నవల ఐదారు పేజీలు ఏకబిగిన చదివేశాడు. చదువుతూ ఒకచోట ఫక్కున నవ్వాడు. ఎక్కడ నవ్వాడో చూద్దామని యేసుమణి మెడ సాచింది. ఈలోగా పక్క స్టాల్లో వంటల పుస్తకం బేరమాడుతున్న వాడి తల్లి వచ్చేసింది. "తెలుగా? ఇంగ్లీషులో లేదాండీ?" అంది. లేదనగానే "పోనీ, నీతి కథలేనా?" అంది. అవీ కాదని తేలాక పిల్లాడి జబ్బ పట్టుకుని నడిచింది. వాడు వెనక్కి తిరిగి చూసుకుంటూనే జనంలో కలిసిపోయాడు. వాడు నవ్విన పేజీ ఏదో యేసుమణికి తెలియకుండానే పోయింది. ఆ చిరాకు వారం దాకా తగ్గలేదు.

ఆమెకు నలభై ఆరేళ్లు. అమీర్‌పేటలో, మెట్రో స్టేషన్ వెనక సందులో, కంప్యూటర్ కోర్సులు నేర్పే ఒక సంస్థ రిసెప్షన్‌లో ఉద్యోగం. డెమో క్లాసు ఎప్పుడు, ఫీజులో తగ్గింపు ఉందా, ఉద్యోగం గ్యారంటీయేనా అని వచ్చినవాళ్లకల్లా జవాబు చెప్పాలి. భర్త దయారత్నం బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో ఎలక్ట్రీషియన్. బల్కంపేటలో రెండు గదుల వాటా. నేతన్ అని పదో తరగతి చదివే కొడుకు. ఇంట్లో కుదురుగా కూర్చుని రాసుకునే చోటూ లేదు, తీరికా లేదు. అందుకని మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, కుడిచేత్తో తింటూ ఎడమచేతి బొటనవేలితో ఫోన్లో టైపు చేస్తుంది. ఆమె నవలలన్నీ అలా రాసినవే.

రాయడానికి ముందు ఆమె కథలు చెప్పేది. పంజాగుట్టలో వాళ్ల చర్చిలో సండేస్కూలు పిల్లలు ఏళ్ల తరబడి ఆమె చేతిమీదుగానే పెరిగారు. ఆ రోజుల్లో ఆమె కథల్లో అబద్ధమాడిన పిల్లాడికి కాలు విరిగేది. దొంగతనం చేసిన పిల్లకు జ్వరం తగులుకునేది. అమ్మ మాట విననివాడు బోనాల జాతర జనంలో తప్పిపోయేవాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు, పెద్దవాళ్లు మెచ్చుకునేవారు.

ఒక ఆదివారం కథ పూర్తికాగానే ఒలీవియా అనే పదకొండేళ్ల పిల్ల లేచి నిలబడింది.

"ఆంటీ, మొన్న యూనిట్ టెస్టులో నేను కాపీ కొట్టాను. నాకేం కాలేదు. ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. మీ కథలో వాడికే ఎందుకు కాలు విరిగింది?"

పిల్లలంతా గొల్లుమన్నారు. యేసుమణి తడుముకుని, "దేవుడు చూస్తూనే ఉంటాడమ్మా" అంది.

"చూస్తాడు సరే. కాలెందుకు విరగ్గొట్టడం?" అంది ఒలీవియా.

ఇంటికి నడిచి వస్తుంటే దారంతా ఆ పిల్ల ముఖమే యేసుమణి కళ్లముందు మెదిలింది. ఒలీవియా ఎకసక్కెంగా అడగలేదు. కాపీ కొట్టినందుకు వారం రోజులుగా లోలోపల నలుగుతున్న ముఖం అది. ఆ మాట ఎవరికైనా చెప్పుకోవాలని చర్చికి వచ్చింది. వచ్చినదానికి తను కాలు విరిగిన కథ చెప్పి కూర్చోబెట్టింది. కాలు విరగకపోయినా మనసు కెలుకుతూనే ఉంటుందని ఆ పిల్లకు తెలుసు. ఆ కెలుకుడుకు మాత్రం తన కథల్లో చోటే లేదు.

అప్పటినుంచి ఎవరి కాళ్లూ విరగని కథలు రాయడం మొదలుపెట్టింది. కష్టాలూ అప్పుడే మొదలయ్యాయి. చర్చి పత్రికవాళ్లు ముఖం చాటేశారు. ఓ పత్రిక పిల్లల పేజీ చూసే ఆయన, "బాగా రాశారు గానీ, పిల్లలు చెడిపోతారమ్మా" అని తిప్పి పంపాడు. ఒక ప్రచురణకర్త రాజుల కథలు రాయమన్నాడు, లేదంటే మాట్లాడే కుందేళ్ల కథలైనా సరేనన్నాడు. ఒక నవలల పోటీకి పంపితే, 'పోయిండు', 'లైట్ తీస్కో' వంటి మాటలు పిల్లల భాషను కలుషితం చేస్తాయని న్యాయనిర్ణేతలు రాశారు. అమీర్‌పేట పిల్లలు పొద్దున లేచింది మొదలు మాట్లాడే మాటలు వాళ్ల పుస్తకంలోకి వచ్చేసరికి కలుషితం ఎలా అవుతాయో ఆమెకు అర్థం కాలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో పడేసింది.

చివరికి ఒప్పుకున్నవాడు భార్గవ్. భీమవరం నుంచి వచ్చి పంజాగుట్టలో జిరాక్స్ షాపు మీద గదిలో పోటీ పరీక్షల గైడ్లు అచ్చువేసుకునే ముప్ఫై ఏళ్ల మనిషి. "గైడ్లు వేసి వేసి విసుగొచ్చిందండీ మణిగారూ, ఇది చదువుతుంటే మా చెల్లెలు గుర్తొచ్చింది" అని 'ట్యూషన్ లేని సాయంత్రం' వేశాడు.

ఆ నవలలో ఉన్నది ఒక్క సాయంత్రమే. మంజూష అనే తొమ్మిదో తరగతి పిల్ల ట్యూషన్ ఎగ్గొట్టి, ఊరికే మెట్రో ఎక్కుతుంది. రైలు ఆగిన ఒక స్టేషన్లో, ఆ వేళకు ఆఫీసులో ఉండాల్సిన నాన్న ప్లాట్‌ఫారం బల్ల మీద కనిపిస్తాడు. ఒళ్లో లంచ్ బ్యాగు పెట్టుకుని వచ్చే రైళ్లనూ పోయే రైళ్లనూ చూస్తున్నాడు. ఉద్యోగం పోయిన సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదని మంజూషకు అర్థమవుతుంది. దిగదు, పలకరించదు. రాత్రి ఇంట్లో సారు ఎక్కువసేపు క్లాసు చెప్పారని ఆ పిల్ల అంటుంది, పని ఎక్కువైందని ఆయన అంటాడు. భోజనాల దగ్గర ఆయన అడగకుండానే మంజూష మజ్జిగ గిన్నె ఆయన వైపు జరుపుతుంది. అక్కడితో నవల అయిపోతుంది.

పంజాగుట్టలోనే ఒక ప్రైవేటు స్కూలువాళ్లు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల కోసం ఆ పుస్తకం కొన్నారు. ఆ వారం యేసుమణి గాల్లో తేలింది. రోడ్డు మీద యూనిఫారంలో పిల్ల కనిపిస్తే చాలు, ఆ సంచీలో తన పుస్తకం ఉందేమోనని చూసేది. ఆ తర్వాత భార్గవ్ ఫోన్ చేశాడు.

"మణిగారూ, ఒక పేరెంటు కంప్లైంట్ ఇచ్చాడంట. పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టేశారు. ప్రిన్సిపాల్ గారు మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నారు."

ప్రిన్సిపాల్ జానకీదేవి రాజమండ్రి వైపు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. యేసుమణి, భార్గవ్ వెళ్లేసరికి ఆమె గదిలో కంప్లైంట్ ఇచ్చిన తండ్రి విజయేందర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మెడలో కంపెనీ కార్డు, ఒళ్లో హెల్మెట్. బల్ల మీదున్న పుస్తకాన్ని అరచేత్తో అదిమి పెట్టుకున్నాడు.

"రాసింది మీరేనా మేడమ్?"

"నేనేనండి."

"బుక్కు మంచిగనే ఉన్నది. మొత్తం సదివిన. కానీ ఆ పోరి ట్యూషన్ ఎగ్గొట్టి మెట్రోల తిరిగింది. ఇంటికొచ్చి అబద్ధం చెప్పింది. దానికేమైంది? ఏం కాలే. వాళ్ల నాన్న సుత అబద్ధం చెప్తుండు. ఆయనకేమైంది? ఏం కాలే. గిట్ల రాస్తే పిల్లలేం నేర్చుకుంటరు?"

"బయట జరిగేదే రాశానండి."

"బయట మస్తు జరుగుతయ్. అన్నీ పిల్లలకు చెప్తమా?"

యేసుమణి దగ్గర దీనికి జవాబులు చాలానే ఉన్నాయి. ఇలాంటి వాళ్లతో మనసులో ఎన్నిసార్లు వాదించిందో. నోరు తెరవబోయేంతలో విజయేందర్ గొంతు తగ్గించాడు.

"మా పింకీ గీ బుక్కు సదివి రెండు రోజులు నాతోని మాట్లాడలే. మూడో రోజు అడిగింది. డాడీ, నువ్వు రోజూ ఆఫీసుకే పోతున్నవా అని."

ప్రిన్సిపాల్ పక్కనున్న తెలుగు టీచరు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"మీరేం చెప్పారు?" అంది యేసుమణి.

"ఏం చెప్పాలె? నేను ఆఫీసుకే పోతున్న మేడమ్. కార్డు చూపెట్టిన. నమ్మిందో లేదో తెల్వది. ఇప్పుడు నేను లేటయితే కిటికీల నిలబడి చూస్తుంది."

యేసుమణి ఆయన అరచేతి కిందున్న పుస్తకం వైపు చూసింది. ఇన్నేళ్లలో తన పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, దానివల్ల నిద్ర చెడగొట్టుకున్న పెద్దమనిషి ఈయనొక్కడే. ఆయన వచ్చింది పుస్తకం మూసేయించడానికి. కోపం తెచ్చుకుందామంటే రాలేదు. కోపం రానందుకు తన మీద తనకే విసుగేసింది.

జానకీదేవి రాజీమార్గం ఒకటి చెప్పింది. "పుస్తకం ఆపెయ్యాలని నాకూ లేదమ్మా. చివర్లో ఒక్క పేజీ చేర్చండి. ఆ పిల్ల తప్పు తెలుసుకుందనీ, దానికి తగిన శాస్తి ఏదో జరిగిందనీ. పెద్దది అక్కర్లేదు. పుస్తకాలు పట్టుకెళ్లి పేజీ అతికించి ఇవ్వండి, పిల్లలకు మళ్లీ ఇచ్చేస్తాను."

"రాస్తారండీ, ఎందుకు రాయరు" అన్నాడు భార్గవ్, యేసుమణి వైపు చూడకుండా.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి. సంగతంతా విని దయారత్నం, "ఒక్క పేజీయే కదా మణీ. చర్చిలో ఇన్నేళ్లు అలాంటివే చెప్పావు. ఇప్పుడు ఇంకోటి రాస్తే అరిగిపోతావా?" అన్నాడు.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "నేతన్, మీ ఫ్రెండ్స్ ట్యూషన్ ఎగ్గొట్టి దొరికిపోతే ఇంట్లో ఏం చేస్తారు? నిజంగా."

నేతన్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. వాడు తెలుగు పరీక్షకు సరిపోయేంతే చదువుతాడు. అమ్మ నవల ఇంకా తెరవలేదు.

"నన్నడగకమ్మా. ఇప్పటికే మా వాళ్లు నీ ముందు మాట్లాడట్లేదు. ఆంటీ ఉంది, సైలెంట్ రా, బుక్కులో పెట్టేస్తది అంటుండ్రు."

"ఎవరన్నారు?"

"చూశావా, మళ్లీ అడుగుతున్నావు" అని వాడు లేచి బాల్కనీలోకి పోయాడు.

ఎవరి కోసం రాస్తోందో వాళ్లే తనను చూసి నోరు మూసేసుకుంటున్నారు. ఆ రోజు విన్నవన్నిటిలోకీ ఆమెకు ఎక్కువ గుచ్చుకున్నది ఆ మాటే.

పొయ్యి మీద కుక్కరు పెట్టి, ఫోను తీసి పేజీ రాయడం మొదలుపెట్టింది. కుక్కరు దించేసరికి పేజీ తయారైంది. మంజూష మర్నాడు రోడ్డు దాటుతూ పడి దెబ్బ తగిలించుకుంది. ఆసుపత్రిలో నాన్న చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాన్నా ఏడ్చాడు. ఆయనకు మళ్లీ ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ అబద్ధమాడలేదు. ఎక్కడా తడబాటు లేదు, మాట కోసం వెతుక్కున్నది లేదు. నవల రాయడానికి రెండేళ్లు పట్టింది. ఇదేమో మంచినీళ్ల ప్రాయంగా వచ్చేసింది. మళ్లీ చదివితే పంపడానికి చేతులు రావేమోనని వెంటనే భార్గవ్‌కు పంపేసింది. "సూపర్ మేడమ్" అని జవాబొచ్చింది. ఆమె నవలకు భార్గవ్ ఎన్నడూ ఆ మాట అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ ఆ పేజీ తెరిచింది. దెబ్బ తగలడం దాకా పళ్లు బిగించి చదివింది. 'ఆయనకు మళ్లీ ఉద్యోగం వచ్చింది' అన్న చోట చేతిలోని ముద్ద తిరిగి డబ్బాలో పెట్టేసింది.

ఆ నాన్నను ఆమె గాల్లోంచి తీసుకురాలేదు. ఆ రిసెప్షన్ బల్ల దగ్గరే చూసింది. నలభై దాటిన మనుషులు ఇస్త్రీ చొక్కాలతో, ఆఫీసు బ్యాగులతో వస్తారు. కుర్రాళ్ల పక్కన కూర్చుని కొత్త కోర్సులో చేరతారు. ఫారం నింపి ఇచ్చి, వెళ్లబోతూ ఆగి, గొంతు తగ్గించి, "మేడమ్, ఏదన్నా ఉంటే నా సెల్‌కే చేయండి. ఇంటి నంబరుకు చేయకండి" అంటారు. ఆ రోజు పొద్దున కూడా ఒకాయన అలాగే అని వెళ్లాడు. వాళ్లలో ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో, ఎందరు ఫోన్ ఎత్తడం మానేశారో ఆమెకు తెలుసు. అలాంటివాడికి తను ఒక్క వాక్యంలో ఉద్యోగం ఇప్పించేసింది, అదీ కూతురికి దెబ్బ తగిలించి.

డబ్బా మూసేసి భార్గవ్‌కు ఫోన్ చేసింది.

"ఆ పేజీ వేయొద్దు."

"అయ్యో మణిగారూ, పొద్దున్నే కింద షాపులో కొట్టించేశానే. అంటించడం కూడా మొదలెట్టారు."

"ఆపించండి. వస్తున్నాను."

కడుపునొప్పి అని చెప్పి పర్మిషన్ పెట్టింది. అబద్ధమే. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషన్, స్టేషన్ మెట్లెక్కే ఓపిక లేక ఆటో ఎక్కింది. ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో కదలదు. డ్రైవరు తీరిగ్గా పాటలు వింటున్నాడు. దిగి నడిచింది.

భార్గవ్ గదిలో స్కూలు నుంచి తెచ్చిన పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. సగానికి పైగా పేజీ అతికించేశారు. ఆమె ఒకటి తీసి, అతికించిన కాగితం అంచు పట్టుకుని లాగింది. జిగురు గట్టిది. కాగితంతో పాటు నవల అసలు చివరి పేజీ కూడా చిరిగి వచ్చింది. మజ్జిగ గిన్నె ఉన్న వాక్యం సగం అటు, సగం ఇటు. ఇంకోటి తీసింది, అదీ అంతే. నీళ్లతో తడిపి చూసింది, అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఏంటండీ ఇది, పుస్తకాలన్నీ పాడుచేసేస్తున్నారు" అన్నాడు భార్గవ్. "రాసింది మీరే కదా. నేనేమన్నా బలవంతం చేశానా?"

"లేదు. నేనే రాశాను. అందుకే తీసేస్తున్నాను."

"స్కూలువాళ్లు తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారు చెప్పండి. తెలుగులో పిల్లల నవల కొనేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారు? మీకు కోపం వస్తే సరిపోతుంది, మిగిలినవి పెట్టుకోవడానికి నాకు గోడౌన్ కావాలి."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. తప్పు లేనివాళ్లతో పోట్లాడటమంత విసుగు ఇంకోటి ఉండదు. అతికించని పుస్తకాలు రెండు సంచుల్లో నింపుకుని, ఉన్నవి ఉన్నట్టే పిల్లలకు ఇమ్మని అడుగుదామని మోసుకుంటూ స్కూలుకు వెళ్లింది. జానకీదేవి కూర్చోమంది, మంచినీళ్లు ఇప్పించింది, మొత్తం వింది.

"మీరు చెప్పేది నాకు అర్థమైందమ్మా. కానీ పదిమంది పేరెంట్స్ వచ్చి గేటు దగ్గర నిలబడితే నేనేం చెప్పను? నా చేతుల్లో లేదు" అంది.

"పిల్లలు ఎవరైనా ఏమైనా అన్నారా, పుస్తకం గురించి?"

జానకీదేవి కొంచెం ఇబ్బందిగా కదిలింది. "నిజం చెప్పాలంటే, చాలామంది మొదలే పెట్టలేదు. యూనిట్ టెస్టులు వచ్చిపడ్డాయి. పంచిన వారానికే వెనక్కి తీసుకున్నాం కదా."

గొడవ ఇంత దూరం వచ్చిందంటే క్లాసుల్లో పిల్లలు చదివి ఉంటారనీ, ఇంటర్వెల్లో మంజూష గురించి కొట్టుకుని ఉంటారనీ యేసుమణి ఊహించుకుంది. చదివింది ఒక పింకీ, ఒక పింకీ తండ్రి. సంచులు రెండూ మళ్లీ ఎత్తుకుని బయటకు నడిచింది. అరచేతుల్లో వార్లు కోసుకుపోయి ఎర్రటి చారలు తేలాయి.

పుస్తకాలు భార్గవ్ దగ్గరకు తిరిగి చేరాయి. అతను ముఖం ముడుచుకునే ఉన్నాడు గానీ తిట్టలేదు. చిరిగినవి ఒక మూల, మంచివి ఒక మూల సర్ది, మళ్లీ గైడ్ల పనిలో పడ్డాడు. వచ్చే ప్రదర్శనలో పెడదాం లెండి అన్నాడు. అది ఎప్పుడో ఏడాది చివర.

రెండు వారాల తర్వాత మధ్యాహ్నం ఆమెకు ఒక తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, నేను విజయేందర్. పింకీ వాళ్ల డాడీని. మీ నంబరు భార్గవ్ సార్ ఇచ్చిండు. ఆ పేజీ రాసిన్రా?"

"రాశానండి. తీసేశాను."

ఆయన ఆ మాట వదిలేసి ఇంకో సంగతి ఎత్తుకున్నాడు.

"మా పిల్ల బుక్కు ఇస్తలేదు. స్కూల్ల ఒకటి తక్కువైందని అడుగుతుండ్రు. ఎంతడిగినా ఇస్తలేదు. పైసలు నేను కడత గని, మీకు జర చెప్దామని చేసిన."

"ఉంచుకోనివ్వండి. పైసలేమీ వద్దు."

"మొన్న ఇంకోటి అడిగింది. డాడీ, నీ నౌకరి పోతే నాకు చెప్తవా అని."

యేసుమణి ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది. "ఏమన్నారు?"

"చెప్త అన్న. ముందుగాల మీ మమ్మీకి చెప్త, తర్వాత నీకు చెప్త అన్న. గట్ల కాదు, ఇద్దరికీ ఒక్కసారే చెప్పాలె అన్నది. చానసేపు కొట్లాడినం." ఆయన కొంచెం నవ్వినట్టే ఉంది. వెంటనే సర్దుకున్నాడు. "అయినా నా మాట నాదే మేడమ్. ఆ పోరికి ఒక్క దెబ్బన్న పడితే మంచిగుండె. ఇంకో బుక్కు రాస్తే జర సోచాయించి రాయుండ్రి."

"ఆలోచిస్తానండి" అంది యేసుమణి. ఫోను పెట్టేశాక పళ్లు నూరింది. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. ఎదురుగా ఫారం నింపుతున్న అబ్బాయి తలెత్తి చూశాడు.

డబ్బాలో అన్నం చల్లారిపోయింది. ఫోన్లో కొత్త నవల మూడో ప్రకరణం తెరిచింది. ఇందులో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు తన రిపోర్టు కార్డు మీద తండ్రి సంతకం తనే పెట్టేస్తాడు. వాడికి కాళ్లు చేతులు బాగానే ఉంటాయి. 'వాడు క్లాసుల నుంచి బయటికి పోయిండు' అని కొట్టింది. ఫోను 'పోయిండు'ని దానంతటదే 'పోయింది' చేసింది. దిద్దింది. ఫోను మళ్లీ మార్చింది. "పోయిండు" అంది యేసుమణి ఫోనుతో, పైకే, కాస్త గట్టిగానే. ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కి, ముద్ద నోట్లో పెట్టుకుని, తర్వాతి వాక్యంలోకి వెళ్లింది.